తినలేకపోతున్న పిల్లల మీద ఒత్తిడి పెంచకండి: గోదావరి జిల్లాల హాస్టల్ కాలేజీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, వార్డెన్లకు, యాజమాన్యాలకు,

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, తణుకు, పాలకొల్లు... డెల్టాలో ఏ ఊరు చూసినా హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీలున్నాయి. అందులో ఉండేది పదిహేను, పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. తిండి, బరువు చుట్టూ తిరిగే మానసిక జబ్బులైన ఈటింగ్ డిజార్డర్లు ఎక్కువగా మొదలయ్యే వయసు కూడా అదే. మూడు పూటలా వాళ్లు తినేది మీ మెస్సులో గనుక, అమ్మానాన్నల కంటే ముందు, డాక్టర్ల కంటే ముందు ఈ జబ్బు కనబడేది మీ కళ్లకే. అందుకే మీకు రాస్తున్నాం.

మేం అడిగేది ఒక్కటి. తిండి మానేసిన పిల్లను మొండిదనో, పొగరుబోతనో, చదువు ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందనో అనుకుని ఆమె మీద ఒత్తిడి పెంచకండి. ఆ ఒంట్లో స్ట్రెస్ హార్మోన్ అప్పటికే రాత్రింబవళ్లు ఎక్కువగా ఉంటోంది. అది దిగాలంటే తిట్లూ పనిచేయవు, గంటసేపు నీతులు చెప్పినా పనిచేయదు, సెలైన్ బాటిలూ పనిచేయదు. పద్ధతిగా పెరిగే తిండి, కోల్పోయిన బరువు తిరిగి రావడం, ఇవే దాన్ని దించుతాయి. ఎందుకో చెబుతాం, కాస్త ఓపిగ్గా చదవండి.

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఈ స్ట్రెస్ హార్మోన్‌ను తయారుచేస్తాయి. మెదడులో హైపోథలామస్ అనే భాగం నుంచి సీఆర్‌హెచ్ అనే సంకేతం వస్తే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది, అది రక్తంలో వెళ్లి అడ్రినల్‌కు పని చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో నిద్ర లేచిన 30 నుంచి 45 నిమిషాల్లో కార్టిసాల్ గరిష్ఠానికి చేరి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతూ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. భయమో, గొడవో, పరీక్షో ఎదురైతే కాసేపు పెరిగి, అది గడిచాక మళ్లీ దిగుతుంది.

శరీరానికి పస్తు కూడా పెద్ద గండమే. కాలేయం దాచుకున్న గ్లైకోజెన్ (గ్లూకోజు నిల్వ) సుమారు ఒక రోజులో అయిపోతుంది. మెదడుకు మాత్రం గ్లూకోజు ఆగకూడదు. అప్పుడు కార్టిసాల్ కండలోని ప్రోటీన్‌ను కరిగించి, ఆ సరుకుతో కాలేయం చేత గ్లూకోజు చేయిస్తుంది. రెండు రోజుల పస్తుకైతే ఇది ప్రాణం నిలబెట్టే ఏర్పాటు. నెలల తరబడి సాగితే అదే ఒంటిని తినేస్తుంది. లావవుతామన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే అనోరెక్సియా నెర్వోసా అనే జబ్బు ఉన్నవాళ్లలో 24 గంటల కార్టిసాల్ ఎక్కువగా ఉంటుందని, అర్ధరాత్రి లాలాజలంలోనూ, రోజంతా పట్టిన మూత్రంలోనూ అది కనబడుతుందని ఎన్నో పరిశోధనలు చూపాయి. పైగా చిక్కిన శరీరం కార్టిసాల్‌ను త్వరగా బయటికి పంపలేదు. రాత్రి 11 గంటలకు కార్టిసాల్‌లాగే పనిచేసే డెక్సామెథాసోన్ మాత్ర 1 మిల్లీగ్రాము వేస్తే మామూలుగా మర్నాడు ఉదయానికి కార్టిసాల్ బాగా పడిపోవాలి, వీళ్లలో చాలామందికి పడిపోదు. బరువు తిరిగి వచ్చాక ఈ అంకెలన్నీ మామూలు స్థాయికి దిగుతాయి. అంటే ఇందులో పెద్ద భాగం ఆకలి తెచ్చిపెట్టినదే, ఆ పిల్ల స్వభావం కాదు.

మీకు ముఖ్యంగా తెలియాల్సింది దీని తర్వాతి సంగతి. ఒత్తిడికి ఒళ్లు ఎలా స్పందిస్తుందో కొలవడానికి 1993లో జర్మనీలోని ట్రియర్‌లో ఒక పరీక్ష రూపొందించారు. ముఖంలో ఏ భావమూ చూపించని కొందరు ఎదురుగా కూర్చుంటారు. వాళ్ల ముందు 5 నిమిషాలు మాట్లాడాలి, ఆ తర్వాత 5 నిమిషాలు పెద్ద అంకెలోంచి ఒకే సంఖ్య తీసివేస్తూ పైకి చెప్పాలి. మామూలు మనుషులకు ఆ కాసేపట్లో కార్టిసాల్ చక్కగా పెరుగుతుంది. అనోరెక్సియా, బులీమియా (అదుపు లేకుండా తిని కక్కుకునే జబ్బు) ఉన్నవాళ్లకు ఆ పెరుగుదల చప్పగా ఉందని పలు అధ్యయనాల్లో తేలింది. అన్ని అధ్యయనాలూ ఒక్క మాట మీద లేవు, ముఖ్యంగా బులీమియాలోనూ, అతిగా తినే జబ్బులోనూ ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. కానీ ఆ చప్పదనం కనబడినచోట కూడా, ఎలా ఉందని అడిగితే వాళ్లు చెప్పిన ఆందోళన తక్కువేమీ కాదు. కాలువ గట్టు అంచు దాకా పారుతున్నప్పుడు లాకులు ఇంకో జానెడు ఎత్తినా నీటిమట్టంలో తేడా తెలియదు. జరిగేది అలాంటిదేనన్నది ఒక వివరణ.

హాస్టల్లో ఇది ఎలా కనబడుతుందంటే, అందరి ముందూ ర్యాంకు చదివి తిట్టినా ఆ పిల్ల ఏడవదు, వణకదు, ముఖంలో మార్పుండదు. నాడి చూస్తే నిమిషానికి 46. "ధైర్యంగానే ఉందండీ, గుండె గట్టిది" అంటారు. ఆ 46 ధైర్యం కాదు. తిండి లేక ఒళ్లు గుండె వేగాన్ని కూడా పొదుపు చేస్తోంది, గుండె కండరమే పలచబడుతోంది. ప్రశాంతంగా ఉన్నట్టు కనబడే ఈ పిల్లే మీ హాస్టల్లో అందరికంటే ప్రమాదంలో ఉండొచ్చు.

మెస్సులో ఏం చూడాలో కూడా చెబుతాం. అన్నాన్ని పళ్లెం అంచుల దాకా పరిచి తిన్నట్టు చూపించడం, కూరలో నూనెను అన్నంతో అద్ది పక్కకు తీయడం, గుడ్డు పక్క పిల్ల కంచంలోకి జరపడం, ఇడ్లీని గోరంత ముక్కలు చేసి అరగంట నమలడం, ముందుగా రెండు గ్లాసుల నీళ్లో పలచటి మజ్జిగో తాగి కడుపు నింపుకోవడం. ఏప్రిల్ ఉక్కపోతలో అందరూ ఫ్యాను కింద చోటు కోసం పోటీ పడుతుంటే ఈమె దుప్పటి కప్పుకుని మూలకు జరుగుతుంది. చేతులు చల్లగా, గోళ్లు నీలంగా ఉంటాయి. చేతుల మీద, వీపు మీద సన్నటి నూగు వస్తుంది. తను తినదు గానీ వంటల వీడియోలు గంటల తరబడి చూస్తుంది, స్నేహితుల చేత కొసరి కొసరి తినిపిస్తుంది. ఇదంతా ఆమె వేషమనుకోకండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, 24 వారాలపాటు తిండి బాగా తగ్గించింది. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. ఏ జబ్బూ లేని ఆ మగవాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగేశారు, తిండిని ముక్కలు చేసి సాగదీసి తిన్నారు, దిగులు పడ్డారు, మనుషులకు దూరం జరిగారు. ఆకలి ఎవరినైనా అలాగే చేస్తుంది.

మగపిల్లలకూ ఈ జబ్బు వస్తుంది. కండలు పెంచాలనే పట్టుదలతో మొదలై అక్కడికి చేరేవాళ్లు వాళ్లలో కొందరుంటారు. లావుగా ఉన్న పిల్ల మూడు నెలల్లో బాగా తగ్గితే అందరూ మెచ్చుకుంటారు. చూడటానికి సన్నంగా లేకపోయినా అంత వేగంగా తగ్గిన ఒంటికి ఇవే ప్రమాదాలు, ఇదే నెమ్మదించిన నాడి. "భలే తగ్గావే" అన్న మాట దయచేసి మీ సిబ్బంది నోట రానివ్వకండి.

ఉపవాసాల విషయం సున్నితమైనది. కార్తీకమాసంలో నక్తం, శుక్రవారం ఒంటిపూట, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసం, రంజాన్ నెల, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. భక్తితో ఉపవాసం ఉన్నవాళ్లు అది విడిచే వేళకు ఇష్టంగా తింటారు. ఒక వ్రతం అయిపోగానే ఇంకో వ్రతం వెతుక్కునే పిల్ల ఉంటే, ఆమె భక్తిని ప్రశ్నించకుండా బరువూ నాడీ చూడండి.

బులీమియా దారి వేరు. పగలంతా కడుపు మాడ్చుకుని, రాత్రి స్టడీ అవర్ అయ్యాక దొరికినవన్నీ అదుపు లేకుండా తిని, వెంటనే బాత్రూంకు వెళ్లి కక్కుకోవడం. బరువు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వేలి కణుపుల మీద కాయలు, చెవుల ముందు దవడ దగ్గర వాపు, ముందు పళ్ల లోపలివైపు అరుగు, వీటిని బట్టి గుర్తుపట్టొచ్చు. మనసు కుంగిన వేళ, ఆందోళన పెరిగిన వేళ అతిగా తినడం మొదలవుతుందన్నది గట్టిగా రుజువైన సంగతి. ఆదివారం టెస్టు, సోమవారం ర్యాంకుల బోర్డు ఆ వేళలు. అయితే దానికి ముందు పగలంతా ఖాళీ కడుపుతో ఉండటం అసలు నిప్పు. అందుకే "రాత్రి తిన్నావుగా, పొద్దున్న టిఫిన్ మానెయ్" అనడం జబ్బుకు ఎరువు వేయడమే. కక్కడం వల్ల రక్తంలో పొటాషియం పడిపోతుంది, పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. విరేచనాల మాత్రలు, వేసవి చెమట దీనికి తోడైతే ఇంకా త్వరగా. కక్కిన వెంటనే పళ్లు తోమితే ఆమ్లంతో మెత్తబడ్డ ఎనామిల్ ఊడొస్తుంది. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలిస్తే చాలని ఆ పిల్లకు నెమ్మదిగా చెప్పండి.

నెలసరి ఆగిపోవడాన్ని చాలా హాస్టళ్లలో "చదువు టెన్షన్ వల్ల" అని వదిలేస్తారు. తిండి చాలనప్పుడు మెదడు అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గుతాయి, పెరిగిన స్ట్రెస్ హార్మోన్లు కూడా అందులో చెయ్యి వేస్తాయి. ఈస్ట్రోజన్ తక్కువ, కార్టిసాల్ ఎక్కువ, రెండూ కలిసి ఎముకను గుల్ల చేస్తాయి. జీవితమంతటికీ సరిపడా ఎముక గట్టిపడే వయసులో ఇది జరుగుతోంది. బరువు వచ్చాక కార్టిసాల్ దిగుతుంది గానీ పోయిన ఎముక అంతా తిరిగి వస్తుందని చెప్పలేం. నెలసరి తెప్పించే మాత్రలు వేస్తే నెలనెలా రక్తం కనబడుతుంది, ఎముకకు మాత్రం మేలు జరగదు. పైగా అంతా బాగైందని అందరూ ఊరుకుంటారు.

ఇప్పుడు సెలైన్ సంగతి. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. అసెంబ్లీలో పిల్ల తూలి పడుతుంది, దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు, ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించి, బలానికని ఒక ఇంజెక్షన్ వేయించి, సాయంత్రం క్లాసుకు కూర్చోబెడతారు. 500 మి.లీ. 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, ఒక మామూలు అరటిపండు ఇచ్చే శక్తి కంటే ఎక్కువేమీ లేదు. ప్రమాదం మాత్రం చాలా ఉంది. చాలా రోజులు ఏమీ తినని ఒంట్లోకి గ్లూకోజు రాగానే ఇన్సులిన్ లేస్తుంది. కణాలు ఫాస్ఫేట్‌ను, పొటాషియంను, మెగ్నీషియంను రక్తంలోంచి లాక్కుంటాయి. నిల్వలు ముందే ఖాళీ కాబట్టి రక్తంలో అవి ఒక్కసారిగా పడిపోతాయి. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి తీసే కండరాలు బలహీనపడొచ్చు, కాళ్లు వాయొచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు, మొదటి కొద్ది రోజుల్లోనే వస్తుంది. థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా గ్లూకోజు ఇస్తే మెదడు దెబ్బతిని మాట తడబడటం, నడక తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం కూడా రావచ్చు. చిక్కిన గుండె గబగబా ఎక్కించిన నీటిని మోయలేదు.

అదే కారణంగా, పిల్లను చూసి కంగారుపడిన అమ్మ ఇంటికి తీసుకెళ్లి మొదటి రోజే నెయ్యి, స్వీట్లు కొసరి కొసరి పెట్టడం కూడా మంచిది కాదు. గోదావరి జిల్లాల మర్యాదంతా వడ్డనలోనే ఉంటుంది, ఆ ప్రేమను మేం తప్పుపట్టడం లేదు. రోజూ కొంతైనా తింటున్న పిల్లకు మామూలు భోజనం క్రమంగా పెంచొచ్చు, భయం లేదు. కానీ అయిదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకపోయినా, మూడు నుంచి ఆరు నెలల్లో బరువులో 15 శాతానికి మించి పోయినా, బరువు మరీ తక్కువగా ఉన్నా ఆస్పత్రిలోనే మొదలుపెట్టాలి. ముందు ఫాస్ఫరస్ (ల్యాబులో ఫాస్ఫేట్‌కు వాడే పేరు), పొటాషియం, మెగ్నీషియం, సోడియం, షుగరు, క్రియాటినిన్ చూసి, ఈసీజీ తీసి, థయామిన్ ఇచ్చి, తర్వాత తిండి పెంచుతూ మొదటి వారం ఫాస్ఫరస్‌ను పదే పదే చూస్తారు.

బలానికని వేసే ఇంజెక్షన్లలో, బరువు పెంచుతాయని అమ్మే మాత్రల్లో కొన్నిచోట్ల డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. అది కార్టిసాల్ పనే చేసే మందు. ముఖం ఉబ్బి బరువు పెరిగినట్టు కనబడుతుంది, కండ, ఎముక ఇంకా కరుగుతాయి. కొన్ని వారాలు వాడి ఒక్కసారిగా ఆపితే, నిద్రపోయిన అడ్రినల్ గ్రంథులు లేవక బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాడినట్టు తెలిస్తే మీరే ఆపేయకండి, పేరు రాసుకుని డాక్టరుకు చూపించండి.

ల్యాబుల్లో కార్టిసాల్ పరీక్ష దొరుకుతుందని దాన్ని చేయించనక్కర్లేదు. ఈటింగ్ డిజార్డర్‌ను ఆ అంకెతో తేల్చరు. ఏ వేళ రక్తం తీశారు, స్టెరాయిడ్ క్రీములు గానీ గర్భనిరోధక మాత్రలు గానీ వాడుతున్నారా అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. ఎక్కువగా వచ్చిందని కార్టిసాల్ అతిగా తయారయ్యే కుషింగ్ జబ్బేమోనని ఇంకో నెల తిరగడం జరుగుతుంది. కార్టిసాల్‌ను తగ్గిస్తాయని ఆన్‌లైన్లో అమ్మే పొడుల మీద ఖర్చూ అంతే. ఆ డబ్బుతో పాలు, గుడ్లు కొనండి.

ఇక మీ చేతిలో ఉన్న పనులు.

మెస్ టైము మార్చండి. ఉదయం 5కు లేపి 8 దాకా ఖాళీ కడుపుతో చదివించడం ఏ పిల్లకూ మంచిది కాదు, ఈ పిల్లలకు అసలే కాదు. లేవగానే ఒక గ్లాసు పాలు, అరటిపండో పల్లీ చిక్కీనో ఇవ్వండి. టిఫిన్, భోజనం, సాయంత్రం ఉడికించిన శనగలో గుడ్డో, రాత్రి భోజనం, పడుకునే ముందు పాలు. రెండు తిండ్ల మధ్య 3-4 గంటలు దాటకూడదు. ఈ ఏర్పాటు అందరికీ పెడితే ఏ ఒక్కరినీ వేలెత్తి చూపినట్టుండదు.

చికిత్సలో ఉన్న పిల్ల పక్కన ఒక పెద్దావిడ కూర్చుని తనూ తినాలి. అరగంట, నలభై నిమిషాల్లో భోజనం ముగియాలి. ఆ సేపు కేలరీల గురించి, బరువు గురించి, మార్కుల గురించి మాట రాకూడదు. ఇంటి కబుర్లు, సినిమా, క్రికెట్ ఏదైనా సరే. కక్కే అలవాటుంటే తిన్న తర్వాత గంటసేపు తోడుండాలి. బాత్రూం బయట కాపలా కాసి పట్టుకోవడం దీనికి బదులు కాదు. "కష్టంగా ఉందని తెలుసు, ఈ ముద్ద తిందాం, నేనిక్కడే ఉంటాను" అనండి. "నీ వల్ల మీ అమ్మ ఏడుస్తోంది" అనకండి.

బరువులు క్లాసులో అందరి ముందూ చూడటం, బోర్డు మీద రాయడం ఆపేయండి. అనుమానమున్న పిల్లను విడిగా, నర్సు చేత చూపించండి. పద్దెనిమిది లోపు వాళ్లకు పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు) కొలత పనికిరాదు, ఆ వయసు మధ్యస్థ బీఎంఐతో పోల్చాలి. పదహారేళ్ల ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం అది 20.7. 155 సెంటీమీటర్ల ఎత్తుంటే దాదాపు 50 కిలోలు. అందులో 75 శాతం, అంటే 37 కిలోల దగ్గరికి వచ్చిందంటే ఆస్పత్రిలో చేర్చాల్సిన స్థితి.

నాడి చూడటం వార్డెన్లందరూ నేర్చుకోవాలి. పిల్లను పడుకోబెట్టి 5 నిమిషాలు ఆగండి. మణికట్టు దగ్గర నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే ఒక్క దెబ్బ పొరపాటు నాలుగవుతుంది, నెమ్మదిగా కొట్టుకునే నాడిలో ఆ నాలుగే కీలకం. తర్వాత మంచం పక్కనే, పడిపోకుండా పట్టుకుని నిలబెట్టి, 3 నిమిషాలకు మళ్లీ లెక్కపెట్టండి. రెండుసార్లూ బీపీ చూడండి. పగటిపూట పడుకున్నప్పుడు నాడి 50 కంటే తక్కువున్నా, నిలబడితే 30కి మించి పెరిగినా, బీపీ పై అంకె 90 కంటే తక్కువున్నా, నిలబడగానే 20కి మించి పడిపోయినా, ఒంటి వేడి 96 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గినా అదే రోజు ఆస్పత్రికి పంపాలి. స్పృహ తప్పినా, గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తికమక ఉన్నా 108కి ఫోన్ చేయండి. అప్పటిదాకా పీటీ, పరుగు, మెట్లెక్కే శిక్షలు ఏవీ వద్దు.

మీ కౌన్సెలరుకు స్కాఫ్ ప్రశ్నలు ఇవ్వండి. 1999లో లండన్ వైద్యులు రూపొందించినవి. కడుపు మరీ నిండిందని కావాలని కక్కుతున్నావా, ఎంత తింటున్నావో అదుపు తప్పిందని దిగులు పడుతున్నావా, మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా, అందరూ సన్నమంటున్నా లావుగా ఉన్నానని నమ్ముతున్నావా, తిండి ఆలోచనే నీ జీవితాన్ని నడుపుతోందా. అయిదింటిలో రెండిటికి అవునంటే డాక్టరు చూడాలి. విడిగా, తలుపు వేసి అడగాలి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపించే పిల్లలకు 14416, టెలీమానస్ నంబరు, గోడ మీద రాసి పెట్టండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

యాజమాన్యాలు మాత్రమే చేయగల పని ఒకటుంది. చికిత్స కోసం ఇంటికి వెళ్లిన పిల్లకు సీటు పోదని, వారాంతపు పరీక్షలు రాయకపోయినా సెక్షన్ మార్చబోమని, కట్టిన ఫీజు పోదని రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ వయసు పిల్లలకు బాగా పనిచేసే చికిత్సలో కొన్ని నెలలపాటు అమ్మానాన్నలే పూటపూటా తిండి చూసుకోవాలి. సీటు భయంతో వారానికే వెనక్కి పంపితే ఆ చికిత్స సాగదు.

సంక్రాంతి సెలవులకు పంపేటప్పుడు ఆ తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పండి: చుట్టాలు "చిక్కిపోయావ్", "ఒళ్లు చేశావ్" అనకుండా ముందే చూసుకోమని, పిండివంటల దగ్గర బలవంతం లేకుండా మామూలు వేళకు మామూలు భోజనం పెట్టమని.

ఆస్పత్రికి పంపేటప్పుడు ఒక కాగితం జత చేయండి. పేరు, వయసు, ఎత్తు, ఈ రోజు బరువు, కాలేజీలో చేరినప్పటి బరువు, పడుకున్నప్పటి నాడి, నిలబడ్డప్పటి నాడి, రెండు బీపీలు, ఒంటి వేడి, చివరి నెలసరి తేదీ, గత వారంలో సుమారుగా ఏం తింది, కక్కుతోందా, ఇప్పటికే ఎక్కించిన సెలైన్లు, వేసిన ఇంజెక్షన్లు, మాత్రల పేర్లు. పైన ఎర్ర సిరాతో "ఈటింగ్ డిజార్డర్ అనుమానం, ఫాస్ఫరస్ చూడకుండా గ్లూకోజు ఎక్కించవద్దు, షుగరు ప్రమాదకరంగా పడిపోతే థయామిన్‌తో కలిపి ఇవ్వండి" అని రాయండి.

ఇట్లు,
గోదావరి డెల్టాలో ఈ పిల్లలకు వైద్యం చేస్తున్న డాక్టర్లు, నర్సులు, డైటీషియన్లు